నూట నలభై మూడో పేజీ

పోయిన వారం మిమ్మల్ని మా లైబ్రరీ మెట్ల దగ్గర నిలబెట్టేసి వెళ్లాను. ఏమీ అనుకోకండి, నా కాళ్లూ అక్కడే ఆగిపోయాయి. కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. కింద టైలరు దుకాణం, పైన రెండు గదుల్లో మా అద్దె పుస్తకాల లైబ్రరీ. అందరూ నన్ను లైబ్రరీ అక్క అంటారు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చిన ప్రేమ నవల ఎవరు తీసుకెళ్లినా, తిరిగి ఇచ్చేటప్పుడు చీటీ మీద నాలుగు మాటలు అభిప్రాయం రాసివ్వాలి. పేరు రాయక్కర్లేదు. ఆ చీటీని పుస్తకం వెనక అట్టకి అతికిస్తాను. బాగున్నవాటిని టైపు చేసి కింద మెట్ల పక్కన బోర్డుకి గుచ్చుతాను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు అవి చదివి పైకి ఎక్కుతారని నా ఆశ.

ఆ చీటీలు అందరికంటే బాగా రాసేది పెన్సిలమ్మ. పెన్ను ముట్టదు కాబట్టి మా అత్తగారు పెట్టిన పేరది. ఆమె ఎవరో మా ఇద్దరికే తెలుసు. రోడ్డుకి అవతల కళ్లద్దాల షాపు ఉంది చూడండి, ఆ షాపాయన భార్య. "నేను చదువుతానని ఆయనకి తెలుసు, రాస్తానని తెలీదు. తెలియనివ్వకండక్కా" అని ఒకరోజు మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని అడిగింది. సరేనన్నాను. పోయిన వారం ఆమెకి బదులు ఆయనే వచ్చాడు. మధ్యలో చీటీ మడిచి పెట్టిన పుస్తకం ఇచ్చి, "మా ఆవిడ వాళ్లక్క ఇంటికి వెళ్లింది" అని చెప్పి, కిందికి దిగి బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. నవ్వుతూ నిలబడ్డాడు. అదీ మనం ఆగిన చోటు.

ఇవాళ బుధవారం. టైలరుకి సెలవు. కింద షట్టరు దించి ఉంది. పదకొండు గంటల వేళ అత్తగారు కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చుని ఒక నవల పూర్తి చేసి ఠపీమని మూశారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. వారానికి మూడు ప్రేమ నవలలు చదువుతారు, మూడింటినీ తిడతారు.

"ఈ మధ్య ఏ నవల తీసినా హీరోకి సొంత కంపెనీయేనే అమ్మాయ్. ఒక్కడూ ఆఫీసులో కూర్చుని పని చేసిన పాపాన పోడు. పొద్దస్తమానం ఆ పిల్ల వెనకే తిరుగుతుంటే కంపెనీ ఎవరు నడుపుతారు?"

"మేనేజరు ఉంటాడు కదా అత్తయ్యా."

"అయితే ఆ మేనేజర్నే చేసుకోమను. బుద్ధిమంతుడిలా ఉన్నాడు."

నేను నవ్వాను. ఈ రోజు మొత్తానికి నేను నవ్వింది అప్పుడే. అత్తగారు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని, "అది సరేగానీ, పెన్సిలమ్మకి ఏమైందే?" అన్నారు. "పోయిన వారం నువ్వు బోర్డుకి గుచ్చినది చదివాను. ఆ నవల నేనూ చదివాను. వాడు పెళ్లాన్ని గదిలో పెట్టి, నన్ను ప్రేమిస్తున్నానని చెప్పేదాకా తలుపు తియ్యనంటాడు. అది సరసమట! దాన్ని పట్టుకుని ఆ పిల్ల అద్భుతం అని రాసిందా?"

"ఎప్పుడూ విసుక్కుంటూనే రాయాలా అత్తయ్యా? ఒకటి నచ్చి ఉంటుంది."

నిజం చెప్పాలంటే నాకు ఆ చీటీ చూసి సంతోషమేసింది. ఆమె మనసు కాస్త కుదుటపడింది అనుకున్నాను. ప్రత్యేకంగా ఎర్ర గీతతో అంచు కట్టి మరీ గుచ్చాను. నా తెలివి అంతవరకే.

పెన్సిలమ్మ ఈ నాలుగు నెలల్లో రాసినవి నాకు కంఠతా వచ్చు. హీరో నలభై రోజులు హీరోయిన్ ఆఫీసు గేటు దగ్గర నిలబడే నవల ఒకటి వచ్చింది. ఊరంతా దాన్ని మెచ్చుకున్నారు. ఆమె ఏం రాసిందంటే: "గేటు బయట నిలబడ్డవాడి గుండె చప్పుడు రచయిత్రి మూడు పేజీలు రాసింది. గేటు లోపల ఉన్న పిల్ల వెనక దారి ఎక్కడుందా అని వెతుక్కుంటుంది. అది ఒక్క వాక్యం కూడా రాయలేదు." ఇంకో నవల్లో అతను కోపమొస్తే గోడని గుద్దుతాడు, భార్యని ముట్టుకోడు కాబట్టి మంచివాడు. దానికి: "గోడ పక్కన నిలబడి చూస్తే ఆ తేడా తెలియదు." అన్నిటికీ వంకలు పెట్టే మనిషి కాదు. భార్యాభర్తలు పోట్లాడుకునే చిన్న నవల ఒకటుంది. ఆమె 'ఇవాళ నాతో మాట్లాడకు' అంటుంది, అతను నిజంగానే మాట్లాడడు, మర్నాడు 'ఇప్పుడు మాట్లాడొచ్చా' అని అడుగుతాడు. అంతే కథ. దాని చీటీ మీద "చదువుతూ ఏడ్చాను. ఇలాంటివాళ్లు ఎక్కడైనా ఉంటారా అక్కా?" అని రాసింది.

ప్రతి చీటీ కింద మూలన ఒక పేజీ నంబరు వేస్తుంది. కథని ఎక్కడి దాకా నమ్మిందో ఆ పేజీ. అది ఆమె అలవాటు. గేటు నవలకి అరవై రెండు, గోడ నవలకి ముప్పై ఒకటి. ఏడ్చిన నవలకి చివరి పేజీ నంబరు. టైపు చేసేటప్పుడు నేను ఆ నంబరు కొట్టేస్తాను. లేకపోతే జనం నేరుగా ఆ పేజీ తీసి చదివి, పుస్తకం అద్దెకి తీసుకోకుండా పోతారు.

నేను చేసిన అసలు తప్పు వేరే ఉంది. నెల క్రితం ఆమె ఇలా రాసింది: "నవలల్లో ఆడవాళ్లు అరిచే మగవాళ్లకి భయపడతారు. నాకు అరిచేవాళ్లంటే భయం లేదు. కళ్లద్దాలు తుడుచుకుంటూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లంటే భయం." ఎంత బాగా రాసిందో అని మురిసిపోయి దాన్ని టైపు చేసి బోర్డు నడిమధ్య గుచ్చాను. ఆమె భర్త కళ్లద్దాల షాపాయనని తెలిసి కూడా గుచ్చాను. చొక్కాలు కుట్టించుకోవడానికి ఆయన కింది టైలరు దగ్గరికే వస్తాడని తెలిసి కూడా. మాట బాగుంటే చాలు, ఆ మాట ఎవరిదో మర్చిపోయే జబ్బు నాది.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది.

"నమస్కారం అక్కయ్యగారూ. నేనూ మెంబరుగా చేరదామని వచ్చాను."

ఆయనే. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. జేబులో పెన్ను పక్కన అరచేతి పొడవు కూడా లేని స్క్రూడ్రైవరు. చేతిలో తాళంచెవుల గుత్తి. గుత్తిని నా బల్ల మీద పెట్టాడు. అన్నీ పాత చెవులే, ఒక్కటి మాత్రం కొత్తగా తళతళలాడుతోంది.

"మా ఆవిడ లేకపోతే ఇల్లు బోసిగా ఉందండీ. తను చదివినవైనా చదువుదామని."

ఫారం తీసిచ్చాను. ఆయన దాని వైపు చూడలేదు. అత్తగారి వైపు తిరిగి, "అయ్యో, అమ్మగారి కళ్లజోడు కాడ ఊగిపోతోందే. ఇలా ఇవ్వండి, క్షణంలో బిగించేస్తాను" అన్నాడు. అత్తగారు వద్దనేలోపే ఆమె ముక్కు మీంచి మెల్లగా తీసేసుకున్నాడు. కళ్లజోడు లేకపోతే అత్తగారికి అడుగు దూరంలో మనిషి కూడా మసకే. చిన్న స్క్రూడ్రైవరుతో రెండు తిప్పులు తిప్పాడు. బిగిసిపోయింది. కానీ తిరిగి ఇవ్వలేదు. చేతిలోనే పెట్టుకుని, చొక్కా అంచుతో అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు.

"బోర్డు మీద చివరిది బాగుంది కదండీ?" అన్నాడు. గొంతు తగ్గింది.

బోర్డు నడిమధ్య గుచ్చిన ఆ చీటీ గుర్తొచ్చింది.

ఆయన అద్దాలు తుడుస్తూనే అప్పజెప్పాడు. "ఈ నవల అద్భుతం. హీరో భార్యని కంటికి రెప్పలా చూసుకుంటాడు. ఆడదానికి అంతకంటే ఏం కావాలి? కొన్నాళ్లు మా అక్కగారింటికి వెళ్తున్నాను. ఇక పుస్తకాలు తీసుకోను." ఒక్క మాట పొల్లుపోలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, చివర మా ఇద్దరి మొహాల్లోకి చూశాడు. కొత్తగా రాసేవాళ్లు తొలి కథ ఎవరికైనా చదివి వినిపించి అలాగే చూస్తారు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

రాత ఆమెదే, నేను చూశాను. మాటలు ఈయనవి. ఎదురుగా కూర్చోబెట్టి రాయించాడు. అత్తగారికి బోర్డు దగ్గరే అనుమానం వచ్చింది, నాకు ఇప్పుడు తెలిసింది. ఇక ఆయన అని రాయడానికి నా చెయ్యి రావడం లేదు. అతను.

"బాగుంది" అన్నాను. ఇంకేమనాలి?

"ఒక్కటే అర్థం కాలేదండీ. చివర ఒక నంబరు వేసింది. నూట నలభై మూడు. ఇదేమిటి అంటే లైబ్రరీ రూలు, పేజీ నంబరు వెయ్యాలి అంది. రూలైతే సరేనన్నాను. తీరా బోర్డు చూస్తే ఏ ఒక్కదానికీ నంబరు లేదు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ నంబరు నేను చూశాను. ఎప్పటిలాగే కొట్టేశాను. నవల అద్భుతమని రాసిన మనిషి సగంలో పేజీ నంబరు ఎందుకు వేసిందని వారం రోజుల్లో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వెనకే, రెండో అరలో, ఆ పుస్తకం వారం రోజులుగా నా వీపుకి మూరెడు దూరంలో ఉంది.

"రూలే" అన్నాను. "టైపు చేసేటప్పుడు నేనే తీసేస్తాను. కథ ముందే తెలిసిపోతుందని."

నిజమే చెప్పాను. భయంలో అబద్ధం తోచలేదు.

"అంటే ఆ పేజీలో ఏదో ఉంటుందన్నమాట" అన్నాడు. అద్దాలు తుడవడం ఆపాడు. "ఆ పుస్తకం ఇస్తారా?"

"బయటికి వెళ్లిందండీ, ఎవరో..."

"ఆకుపచ్చ అట్ట. మీ వెనకే ఉంది."

లేచాను. అటు తిరిగి పుస్తకం అందుకున్నాను. అతని చూపు నా వీపు మీద ఉంది. పేజీ తియ్యాలంటే రెండు క్షణాలు కావాలి, ఆ రెండు క్షణాలు నాకెవరిస్తారు?

అత్తగారు ఇచ్చారు. "మంచినీళ్లు తాగొస్తానే" అంటూ లేచి, కళ్లు కనబడని మనిషి కదా, నేరుగా వెళ్లి పాత వారపత్రికల దొంతరని గుద్దుకున్నారు. దొంతరా, స్టూలూ, అత్తగారూ ఒకేసారి కింద పడ్డారు. "అయ్యో నా నడుం!" అని పెట్టిన కేక కిటికీ అద్దాలకి తగిలింది. అతను అటు తిరిగాడు. లేపడానికి వంగాడు. పాతికేళ్లుగా ఆ దొంతర ఎక్కడుందో అత్తగారికి చీకట్లో కూడా తెలుసు. ఆ సంగతి తర్వాత ఆలోచించాను.

నూట నలభై మూడు.

పేజీ మధ్యలో ఒక వాక్యం కింద సన్నటి పెన్సిలు గీత. "తలుపుకి బయట నుంచి గడియ పెట్టి ఉంది." దాని పక్కన అంచులో, చీమ తలకాయలంత అక్షరాలు: "ఇది కథ కాదక్కా. షాపు పైగది. నాలుగో రోజు. మా అక్కకి చెప్పండి." కింద ఒక ఫోను నంబరు.

వారం క్రితం ఇచ్చిన పుస్తకం. నాలుగో రోజు అని అప్పుడు రాసింది. ఇవాళ్టికి ఎన్నో రోజో వేళ్లు మడిచి లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది.

నా లైబ్రరీలో పేజీ మూల మడిచినవాళ్లని నేను మెంబరుగా ఉంచను. టీ మరక చేసిన ఒక పంతులమ్మతో ఏడాది మాట్లాడలేదు. అలాంటి నేను ఆ కాగితాన్ని మొదటికంటా చింపేశాను. చప్పుడు అత్తగారి మూలుగులో కలిసిపోయింది. నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుని ఇటు తిరిగేసరికి, అతను అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి నా వైపు చెయ్యి చాపి ఉన్నాడు.

ఇచ్చాను.

అతను నిలబడే, నెమ్మదిగా, వేలు తడి చేసుకుంటూ ఒక్కో కాగితం తిప్పాడు. నూట ముప్పై తొమ్మిది. నూట నలభై ఒకటి. నూట నలభై రెండు. అక్కడ ఆగాడు. ఎదురు పేజీ నూట నలభై అయిదు. కుట్టు దగ్గర చిరిగిన అంచు తెల్లగా, తాజాగా కనబడుతోంది. దాని మీద వేలు పెట్టి అటూ ఇటూ రుద్దాడు. ఒక చిన్న కాగితపు పొట్టు అతని వేలికి అంటుకుంది.

ఆ పేజీ ఉండి ఉంటే సన్న గీత అతని కంటికి ఆనేదో లేదో, అక్షరాలు కనబడేవో లేదో. ఇప్పుడిక అనుమానమే లేదు. పేజీలో ఏదో ఉందని నేనే చెప్పినట్టయింది. ఆమెని కాపాడబోయి రెండోసారి పట్టించాను.

"ఆ పేజీ ఇవ్వండి" అన్నాడు. గొంతు ఇంకా తగ్గింది. వినడానికి ముందుకి వంగాల్సి వచ్చింది.

"అది ఎప్పట్నుంచో చిరిగే ఉందండీ."

అతను అత్తగారి కళ్లజోడుని రెండు చేతులతో పట్టుకుని వెలుగులోకి ఎత్తాడు. "పెద్దావిడకి చదువంటే ప్రాణమటగా? మా ఆవిడ చెప్పింది. ఈ పవరు అద్దాలు తయారవ్వాలంటే నెల పడుతుంది. ఈ చుట్టుపక్కల చేసేది నేనొక్కణ్ణే." నవ్వాడు. "పేజీ ఇవ్వండి. ఇవి ఇచ్చేస్తాను."

అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. చూపు ఎటో ఉంది, అతని మొహం ఎక్కడుందో ఆమెకి తెలియడం లేదు. మామగారు పోయాక పదకొండేళ్లుగా ఆ కుర్చీ, ఆ కళ్లజోడు, వారానికి మూడు నవలలు, అదే ఆమె లోకం.

"ఇవ్వకే అమ్మాయ్" అన్నారు.

అతను అత్తగారిని ఒక్క క్షణం చూశాడు. కళ్లజోడు విరిచేస్తాడనుకున్నాను. విరవలేదు. శుభ్రంగా మడిచి, జేబులో పెన్ను పక్కన పెట్టుకున్నాడు. పుస్తకం బల్ల మీద పెట్టి, తాళంచెవుల గుత్తి అందుకున్నాడు.

"సరే అక్కయ్యగారూ, మీరెందుకు ఇబ్బంది పడటం? ఏం రాసిందో రాసినావిణ్ణే అడుగుతాను."

"వాళ్లక్క ఇంటికి వెళ్లిందన్నావుగా బాబూ?" అన్నారు అత్తగారు.

గుమ్మం దగ్గర అతని అడుగు ఆగింది. వెనక్కి తిరగలేదు. గుత్తిలో కొత్త చెవిని వేళ్లతో వెతికి పట్టుకున్నాడు. తలుపు దగ్గరగా లాగాడు. తర్వాత మెట్ల మీద అడుగులు, తొందర లేకుండా, ఒక్కొక్కటే కిందికి దిగాయి.

జాకెట్టులోంచి కాగితం తీసి అత్తగారికి చదివి వినిపించాను. నాలుగు వాక్యాలు చదవడానికి రెండుసార్లు ఆగాను. అత్తగారు చేత్తో గాలిలో తడిమి నా భుజం పట్టుకుని, "వాళ్లక్కకి తర్వాత చెయ్యి. ముందు పోలీసులకి చెయ్యి. చేస్తూ పరిగెత్తు. వాడు పైగది ఎక్కేలోపు నువ్వు ఆ షాపులో ఉండాలి. కళ్లజోడు కోసం వచ్చానని అరువు, పెద్దగా అరువు, రోడ్డంతా వినబడాలి" అన్నారు.

చెప్పులు కూడా వేసుకోలేదు. పోలీసుల నంబరు నొక్కి, ఫోను చెవికి పెట్టుకుని తలుపు లాగాను.

రాలేదు.

మళ్లీ లాగాను. రెండు చేతులతో లాగాను. ఫోను జారి కింద పడింది. ఫోన్లోంచి ఎవరిదో ఆడగొంతు "చెప్పండి, ఎక్కణ్ణుంచి?" అని అడుగుతోంది. తలుపు సందులోంచి చూశాను. లైబ్రరీ కట్టేసి వెళ్లేటప్పుడు నేను రోజూ వేసే గడియ, బయట నుంచి పెట్టి ఉంది.

అత్తగారు గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి చేరారు. రెక్కలు తెరిచారు. కింద మూసి ఉన్న టైలరు షట్టరు, ఎండలో ఖాళీ రోడ్డు, అవతల కళ్లద్దాల షాపు, దాని మీద తెర వేసిన ఒకే ఒక కిటికీ. ఇవన్నీ నాకు కనబడుతున్నాయి, ఆమెకి కాదు.

"నాకు కనిపించదే, చెప్పు" అన్నారు అత్తగారు. "రోడ్డు దాటాడా?"

"దాటేశాడు అత్తయ్యా."